వ్యసనమా, వ్రతమా?

వ్యసనమను మాటకు మన భాషలో రెండు ముఖములు గలవు. జూదము వ్యసనము, త్రాగుడు వ్యసనము. అవి మనుష్యుని చెరచును. అయినను చదువునందు మిక్కిలి ఆసక్తి గలవానిని విద్యావ్యసనియని గౌరవముతో చెప్పుదుము. ఒకే మాట నిందగాను స్తుతిగాను చెల్లుచుండుటలో మన పెద్దల లోకజ్ఞత కానవచ్చుచున్నది. ఏ ప్రీతి తుదకు ఏ గట్టునకు చేరునో ముందుగా చెప్పజాలమని వారెరుగుదురు.

ఈ వ్యాసమున మేము విచారింపదలచినది అట్టి ప్రీతి నొక్కదానిని గూర్చి. బ్రదుకుతెరువు వేరొకటి యుండగా, పేరు ప్రతిష్ఠలు వచ్చునను ఆశ లేకయే, జీవితాంతము హార్మోనియము వాయించు సామాన్యుని ప్రీతి యది. మా బళ్ళారిలో అట్టివారు ప్రతి వీధిలోను ఒకరిద్దరుండిరి. ఇప్పటికిని కొందరు కలరు. కచేరీ గుమాస్తాలు, బడిపంతుళ్ళు, రైల్వే ఉద్యోగులు, బట్టల దుకాణములవారు. ఇంటివారు దానిని "హార్మోనియం పిచ్చి" యందురు. మేమును ఆ కూటములోనివారమే. 35 ఏండ్లు దస్త్రములు వ్రాసి, ఇప్పుడు పింఛను పుచ్చుకొనుచున్నవారము; అంతకంటె ఎక్కువ కాలము ఆ పెట్టెముందు కూర్చున్నవారము. ఏ పెద్ద సభలోను ఒంటరిగా వాయించి యెరుగము. కావున ఇది మాకు కేవలము పుస్తకములలోని ప్రశ్న కాదు. ప్రావీణ్యము లేని ప్రేమకు విలువ గలదా? గలదేని, దానికొరకు మనుష్యుడు ఎంతవరకు వెచ్చింపవచ్చును? ఆ వెచ్చము ఎవరి సొమ్మునుండి తీయవలయును?

ముందుగా ఆ వాద్యమును గూర్చి కొంత చెప్పవలయును. హార్మోనియము మన దేశమున పుట్టినది కాదు. పడమటి దేశముల చర్చీలలో గోడయంత యెత్తున గొట్టములతో నిలుచు ఆర్గను వాద్యమునకు ఇది చిన్న చెల్లెలు. ఆర్గనులో గాలి గొట్టములలో దూరి నాదమగును. హార్మోనియములో గొట్టములు లేవు, ఇత్తడి నాలుకలు మాత్రమే గలవు. ఫ్రాన్సు దేశమున పారిసు నగరమునకు చెందిన దెబాన్ అను వాద్యశిల్పి 1842లో ఈ పేరుతో హక్కుపత్రము పొందెను. అది కుర్చీపై కూర్చుండి, కాళ్ళతో తిత్తులను త్రొక్కుచు వాయించునది. దొరలు, మిషనరీలు దానిని మన దేశమునకు తెచ్చిరి. పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున కలకత్తాలో ద్వారకానాథ ఘోషు మొదలగువారు, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి ఆడించుచు మరియొక చేత మెట్లు నొక్కు పెట్టెను రూపొందించిరి. కుర్చీలు, బల్లలు లేని ఇండ్లలోనికి ఈ వాద్యము ప్రవేశించినది ఆ రూపముననే. నాటకరంగమున మాత్రము కాలిహార్మోనియమే చిరకాలము నిలిచెను; దానివలన రెండు చేతులకును స్వాతంత్ర్యము గలదు.

దాని లోపలి పని తెలిసికొనుట కష్టము కాదు. ప్రతి మెట్టు క్రిందను ఒక రేకు గలదు. ఆ రేకు సందులో నొక సన్నని ఇత్తడి నాలుక. మెట్టు నొక్కగా తిత్తిలోని గాలి ఆ సందునుండి పోవును, నాలుక వణకును, స్వరము పలుకును. నాలుక పొడవైనచో స్వరము మంద్రము, పొట్టియైనచో తారము. స్వరము దిగియున్నచో నాలుక కొనను రవంత అరగదీయుదురు. ఎక్కియున్నచో మొదటివైపున అరగదీయుదురు. దుమ్ము రేణువొకటి చిక్కుకొన్న స్వరము మూగపోవును. వానకాలమున చెక్క ఉబ్బి, నొక్కిన మెట్టు తిరిగి లేవదు. ఎలుకలు తిత్తితోలును కొరుకును. హార్మోనియమును ప్రేమించుటయన్న సగము కాలము దానిని బాగుచేసికొనుచు కూర్చుండుటయే. ఆదివారము మధ్యాహ్నము కళ్ళజోడు సవరించుకొనుచు, రేకుసందున పలుచని కాగితము జొనిపి దుమ్ము తీయువానిని చూచినవారు, ఇది కీర్తికొరకు చేయు పని కాదని వెంటనే గ్రహింతురు.

పండితులు ఈ వాద్యమును మెచ్చలేదు. వారి ఆక్షేపణ న్యాయమైనదే. మన సంగీతమునకు గమకము ప్రాణము. ఒక స్వరమునుండి మరియొకదానికి జారుట, ఒక స్వరమును ఊయలవలె ఊచుట కంఠమునను వీణపైనను సాధ్యము. మెట్టుపై సాధ్యము కాదు. రెండవ ఆక్షేపణ మరింత సూక్ష్మమైనది. హార్మోనియములో స్థాయిని 12 సమభాగములు చేసి మెట్లు అమర్చుదురు. సహజ స్వరములు అట్లు సమదూరమున నుండవు. స్థాయినంతను 1200 అంశములుగా లెక్కించినచో, తంబుర మీటినప్పుడు దానంతటదే వినవచ్చు అంతర గాంధారము 386 వద్ద నుండును. హార్మోనియము మెట్టు 400 వద్ద పలుకును. ఈ 14 అంశముల భేదము సామాన్యునికి తెలియకపోవచ్చును గాని, మంచి చెవికి ముల్లువలె గ్రుచ్చుకొనును. రవీంద్రనాథ ఠాకూరుగారికి ఈ వాద్యము గిట్టలేదు. 1940 మార్చి 1 నుండి మన దేశపు రేడియో కేంద్రములలో దీనిని నిషేధించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదపను ఆ నిషేధము తొలగలేదు. 1971లోగాని అది సడలలేదు. రేడియోవారు గడప త్రొక్కనీయని ఆ 31 ఏండ్లును మా పెద్దలు ఈ వాద్యమును ఇంటింట వాయించుచునే యుండిరి.

అయితే ఆ దోషమే మరియొక విధమున గుణమైనది. స్వరములన్నియు సమదూరమున నుండుటచేత ఏ మెట్టునైనను షడ్జముగా నెంచుకొని వాయింపవచ్చును. నాటకములో నొక నటుడు రెండున్నర శ్రుతిలో పద్యమెత్తును. ఎదుటివాడు అయిదు శ్రుతిలో అందుకొనును. వీణవాడు తంత్రులు సవరించుకొనునంతలో రంగము చల్లారిపోవును. హార్మోనిస్టు చేయి కొంచెము జరిపి ఇద్దరికిని తోడగును. ప్రతి స్వరమునందును రవంత లోపమును సహించి, ఎవరి శ్రుతికైనను సర్దుకొనుట ఆ వాద్యముయొక్క స్వభావము. ఎవ్వరికిని సంపూర్ణముగా సరిపోదు, అందరికిని పనికివచ్చును. లోకమున ఇట్టి మనుష్యులును గలరు. సంసారములు, కచేరీలు పెక్కు వారివలననే నడచుచున్నవి.

తెలుగు పద్యనాటకము ఈ వాద్యముపై ఆనుకొని పెరిగినది. ఆ చరిత్రలో మా బళ్ళారికి పెద్దపీట గలదు. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు ఇచ్చట న్యాయవాది. సరసవినోదినీ సభ పక్షమున 1887లో వారి చిత్రనళీయము రంగమెక్కెను. పద్యములతోపాటు పాటలను నాటకమున నిలిపినవారిలో వారు ముఖ్యులు. సుమనోరమ సభను నడపిన కోలాచలము శ్రీనివాసరావుగారును న్యాయవాదియే. ఆచార్యులవారి మేనల్లుడు బళ్ళారి రాఘవగారును (1880–1946) న్యాయవాదియే. పగలు కోర్టు, రాత్రి రంగము. సురభివారు 1885 నుండి నాటకమునే కుటుంబవృత్తిగా చేసికొనిరి. వారి మార్గము వేరు, అదియు పూజ్యమైనదే. బళ్ళారి మార్గము ఔత్సాహికుల మార్గము. రాఘవగారు సంగీతము మితిమీరిన నాటకము చెడునని వాదించినవారు. ఆ మాట హార్మోనిస్టులకును పాఠమే. వాయింప నేర్చిన చేయి ఆపుటయును నేర్వవలయును.

కాని ఆ మువ్వురి పేర్లు చెప్పి మా ప్రశ్నకు జవాబు దొరకినదనుట న్యాయము కాదు. వారు ప్రతిభావంతులు. ప్రతిభ తన ఖర్చును తానే సమర్థించుకొనును. తెరప్రక్కన పేరులేక కూర్చున్నవారి మాట యేమి?

అట్టివారిని చూచి లోకము రెండు మాటలనును. మొదటిది, కాలము వ్యర్థమని. ఆ సమయమున పైపరీక్షకు చదివియున్నచో ఉద్యోగమున ఒక మెట్టు ఎక్కియుండును గదా యని. దీనికి మా జవాబు చిన్నది. కాలమునంతను జీతముగా మార్చుకొన్నవాడు, ఆ జీతముతో తుదకు కొనగోరునది ఇట్టి ఘడియనే. రెండవది కొంత బలమైన మాట. మహావిద్వాంసుల గానము నేడు ప్రతివాని చేతిలోని సెల్ఫోనులో వినవచ్చుచుండగా, ఈ అరకొర వాయింపు ఎందులకని. విని ఆనందించుట గొప్పదే. అయినను ఇతరులు భుజింపగా చూచి మన ఆకలి తీరదు. అంతేకాదు. కాంభోజిలో నొక్క సంచారము పట్టుబడక నెలదినములు తంటాలు పడినవానికి, విద్వాంసుడు దానిని ఒక్క ఊపిరిలో దాటుట యెంతటిదో తెలియును. విద్వాంసుల ముందుకూర్చుండి సరియైన చోట తల యూపువారు ఎక్కడనుండి వచ్చెదరు? పెక్కుమంది ఇట్టి అరకొర వాయింపులనుండియే వచ్చెదరు. వారు లేనిచో విద్వాంసులు ఖాళీ కుర్చీలకు పాడవలసివచ్చును.

ఇంతవరకు వాదము సులభము. కష్టమైన భాగము ఇక ముందున్నది.

మాకు తెలిసినవారు ఇరువురు, పేర్లతో పనిలేదు. మొదటివారు ఒక మిల్లులో లెక్కలు వ్రాసెడివారు. ఆదోనినుండియు రాయదుర్గమునుండియు నాటకమునకు పిలుపు వచ్చినచో చేతిలోని పని చేతనే విడిచి బయలుదేరెడివారు. సెలవులు తీరెను, జీతము తెగెను, తుదకు ఉద్యోగమే పోయెను. భార్య గాజులు కుదువకు పోయి తిరిగి రాలేదు. పెద్దకుమార్తె ఎనిమిదవ తరగతితో బడి మాని ఇంట రవికెలు కుట్టెను. కాని ఆయన వ్రేళ్ళు! హరిశ్చంద్ర నాటకములో కాటిసీనున నటుడు పద్యము ముగించి ఊపిరి తీసికొనువేళ, ఆయన ఒక్క స్వరమును మాత్రము పట్టి నిలిపెడివారు. తిత్తి కదలినట్లే తోచదు. ఆ యొక్క స్వరముతో మైదానమంతయు నిశ్శబ్దమయ్యెడిది.

రెండవవారు మా కచేరీలోని పెద్దగుమాస్తా. తెల్లవారుజామున అరగంట, శనివారము భజన, అంతే. పిల్లల పరీక్షల దినములలో ఎవరు పిలిచినను నాటకమునకు పోయెడివారు కారు. 40 ఏండ్లు వాయించినను ఏ చోట చేయి తడబడునో ఆ చోటనే తడబడెడిది. అది తెలిసి తానే నవ్వుకొనెడివారు.

వీరిలో ఎవరు గొప్పవారు? కళ నొక్కదానినే చూచినచో మొదటివారే. ఈ మాట దాటవేయుట సత్యము కాదు. మొదటివారు రెండవవారివలె బ్రదికియున్నచో ఆ స్వరము ఆ విధముగా నిలిచియుండదు. వేలమంది ఆ రాత్రులు ఆనందించిరి. కొందరు ఇప్పటికిని ఆ మాట చెప్పుకొందురు. కావున "ధర్మము పాటింపనివాని కళ నిష్ఫలము" అని తీర్పు చెప్పుట పిల్లల నీతికథలలో చెల్లును గాని లోకమున చెల్లదు.

అయితే ఆ ఆనందమునకు వెల చెల్లించినదెవరు? విన్నవారు కారు. పిలిచినవారు పూలమాల వేసిరి, శాలువ కప్పిరి. దారిఖర్చు లిచ్చినవారు తక్కువ. ఆ కుమార్తెకు ఇప్పుడు తల నెరసినది. తండ్రి వాయింపును గూర్చి మేమొకమారు ప్రస్తావింపగా ఆమె కోపము లేకయే ఇట్లనెను: "మా నాయన వాయిస్తాంటే నాకూ ఇష్టమే మామా. ఊరంతా ఊరికే వినింది, టికెట్టు మాత్రము నేను కొంటి."

ఆ మాట విన్నది మొదలు హరిశ్చంద్ర కథయే మాకు వేరుగా కానవచ్చుచున్నది. ఆయన సత్యవ్రతమునకు భార్యయు కుమారుడును అమ్ముడుపోయిరి. అయినను మనము ఆయనను నిందింపము, ఏల? ఆయన తీర్చవలసినది ఒరులకిచ్చిన మాట. తన ఆనందము కాదు. పురాణకథలో భార్య తానే ముందుకు వచ్చి తన్ను విక్రయింపుమని కోరెను. బిడ్డను మాత్రము ఎవరును అడుగలేదు. అందువలననే కాబోలు, ఆ నాటకమున ప్రేక్షకుల కన్నీరు రాజుకంటె లోహితాస్యునికొరకే ఎక్కువగా కారును. దానము చేయదలచినవాడు తన సొమ్ము దానము చేయవలయును. తన నిద్ర, తన తీరిక, తన పదోన్నతి, తన పేరు, ఇవి తనవి. బిడ్డ చదువు తనది కాదు.

ఇక రెండవవారి మాట. ఇట్లు గిరిగీసికొని ప్రేమించుట ప్రేమయే కాదని కొందరందురు. ఆయన భార్య వ్యాధితో రెండేండ్లు మంచమున పడియుండెను. ఆ రెండేండ్లును ఆయన పెట్టె తెరువలేదు. ఆమెకు ఆ శబ్దము తలనొప్పి కలిగించెడిదట. ఆమె లేచి తిరుగగలిగిన పిదప తెరచి చూడగా నాలుగు స్వరములు మూగపోయియుండెను. ఆదివారములు రెండు కూర్చుండి వానిని బాగుచేసికొని, తడబడు చోటనే మరల తడబడుచు వాయింపసాగిరి. ఆ రెండేండ్ల మౌనమును ఆయన సంగీతములోని భాగముగనే మేము లెక్కింతుము. ప్రేమ తగ్గినవాడు పెట్టెను అమ్మివేసియుండును. ప్రేమ మితిమీరినవాడు తలనొప్పిని లెక్కచేయక వాయించియుండును. ఆయన రెండును చేయలేదు.

కావున వ్యసనమునకును వ్రతమునకును భేదము ప్రీతి యెంత అనుదానిలో లేదు. ఇద్దరి ప్రీతియు తక్కువది కాదు. ఆపవలసిననాడు ఆపగలిగినది వ్రతము, ఆపలేనిది వ్యసనము. వ్రతమునకు కాలము గలదు, నియమము గలదు, ఇంటిలోని వారికి అందులో పాలు గలదు. ఏ వ్రతమైనను ప్రసాదము పంచినగాని ముగియదు గదా. ఇంటివారు తలుపు మూసికొనవలసివచ్చిన సంగీతమునకు ప్రసాదము లేదు. ఫలము కోరుటయును వ్రతమును చెరచును. సన్మానము రాలేదని కుములువాడు వాద్యమును ప్రేమించుట మాని, చప్పట్లను ప్రేమింప మొదలిడినవాడు.

అయినను మొదటివారివంటివారును లోకమునకు కావలయునేమో యను అనుమానము మాకు లేకపోలేదు. ఆపలేనితనము లేనిదే కొన్ని శిఖరములు అందవేమో. అట్లయినచో ఆ శిఖరమును చూచి ఆనందించు లోకము, ఎక్కినవాని ఇంటి బరువును మోయవలయును. కళాకారుని త్యాగశీలియని పొగడి, త్యాగము చేసినది ఆయన బిడ్డలని మరచుట సభలకు మర్యాద కాదు. తెరకును రంగులకును విద్యుద్దీపములకును ఖర్చు వ్రాయు లెక్కల పుస్తకమున హార్మోనిస్టు కూలి మొదటి పంక్తిలో నుండవలయును. జీవితమంతయు పద్దులు వ్రాసినవారము గనుక ఈ మాట గట్టిగా చెప్పగలము.

మావంటి ప్రవాసాంధ్రుల విషయమున మరియొక సంగతి గలదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. మా పిల్లలు కన్నడమున చదువుకొనిరి; మనుమలు ఇంగ్లీషున చదువుచున్నారు. అందువలన మాకు ఎవరిపైనను ఫిర్యాదు లేదు. ఇచ్చటి హార్మోనిస్టు నేడు తెలుగు నాటకమునకు, రేపు కన్నడ నాటకమునకు వాయించును. పెట్టెకు భాషాభేదము లేదు. కాని తెలుగు అక్షరములు రాని పిల్లవాడు ఇచ్చట ఉత్పలమాల నొకదానిని యతిస్థానమున ఆగి, పాదాంతమున రాగము తీసి పాడగలిగినచో, అది బడిలో నేర్చినది కాదు. తాతయో మేనమామయో తెల్లవారుజామున ముక్కుచు మూల్గుచు వాయించిన హార్మోనియమునుండి నేర్చినది. లిపి పోయిన ఇంటిలోను పద్యపు నడక కొంతకాలము నిలుచును. ఆ నిలుపుట విద్వాంసులవలన మాత్రమే కాదు. విద్వాంసుడు సంవత్సరమున కొకమారు ఊరికి వచ్చును. తడబడు తాత ప్రతిదినము ఇంటనుండును.

మేము మొదట అడిగిన ప్రశ్నకు మా జవాబు ఇది. ప్రావీణ్యము లేని ప్రేమకు విలువ గలదు. అది తన వెలను తానే చెల్లించుకొనునంతవరకు గలదు. పెట్టెను మూసి మనుష్యులయొద్దకు పోవలసిన ఘడియలో అట్లు పోగలిగినవానికి, మిగిలిన ఘడియలలో దానిని తెరచుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు, ఎవరి మెప్పును అక్కరలేదు. సంఘ సభ్యులైన సోదరసోదరీమణులకు మా మనవి యొక్కటియే. మీ ఇంట అటకపై మూగపోయిన పెట్టె యున్నచో దింపి దుమ్ము దులుపుడు. మీకు రాకున్నను సరే, ఇంటిలోని చిన్నవానిని తిత్తి ఆడింపనిండు. మొదటి దినమున వచ్చు నాదము వినసొంపుగా నుండదు. కొంత ఓపిక పట్టుడు.